తడిసిన గింజలు పైకి రావాలి

గత నెల ఒక జుమా నాడు మా మస్జిదులో ఖుత్బా సాగుతుండగా మైకులో ఉన్నట్టుండి ‘టిక్ టిక్ టిక్’ మని ఒక శబ్దం మొదలై, ‘గర్ర్’ మంటూ ఆగింది. మరుక్షణమే ఖతీబు గారి జేబులోని ఫోను మోగింది. ఆయన దానిని ఆపివేసి, ప్రసంగం కొనసాగించారు. నమాజు ముగిసిన తరువాత మా విద్యార్థులలో పన్నెండేళ్ళ బాలుడొకడు మా వద్దకు వచ్చి, “ఉస్తాద్! ఫోను మోగకముందే మైకుకు ఎలా తెలిసింది?” అని అడిగాడు.

ఫోను మోగడానికి ముందే అది టవరుతో మాట్లాడుతుందని, ఆ సంభాషణ తరంగాల రూపంలో గాలిలో సాగుతుందని, ప్రక్కనే ఉన్న మైకు తీగ ఆ తరంగాలను పట్టుకుంటే మనకు ఆ శబ్దం వినిపిస్తుందని మాకు తెలిసినంత వరకు వివరించాము. వాడు కాసేపు ఆలోచించి, “అయితే ఫోను చెప్పదలచుకోని మాట కూడా తీగ వినేసిందన్నమాట. అలాగే ఇంకెవరైనా వినవచ్చా?” అన్నాడు. ఆ ప్రశ్నకు మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. పుస్తకాలు తిరగవేశాము, తెలిసినవారిని అడిగాము. తెలిసినదేమిటంటే, మా విద్యార్థి అడిగిన ప్రశ్నకు జవాబు ఎనభై ఏళ్ళుగా కొందరికి తెలుసు. కాని వారు దానిని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ తాళం తీయమని ఒక సాధారణ పౌరుడు ఉత్తరం రాయవలసి వచ్చింది. ఈ నెల ఆ ఉదంతాన్నే పాఠకుల ముందు ఉంచదలచాము.

తీగలో విద్యుత్ ప్రవాహం మారిన ప్రతిసారీ దాని చుట్టూ ఒక తరంగం బయలుదేరుతుంది. కంప్యూటరు గాని, టైపు యంత్రం గాని ఒక్కొక్క అక్షరాన్ని ఒక్కొక్క విద్యుత్ మార్పుగానే గుర్తిస్తుంది. కనుక యంత్రం ఏ అక్షరం మీద పనిచేస్తున్నదో దాని జాడ బయటి గాలిలోనూ, కరెంటు తీగలలోనూ ఎంతోకొంత పడుతుంది. తలుపులన్నీ మూసి తాలింపు వేసినా ఘాటు పొరుగింటికి చేరినట్లే ఇది. ఇక్కడ దొంగ ఇంటిలోకి రానక్కరలేదు, తాళం పగులగొట్టనక్కరలేదు. వీధికి అవతల కూర్చుని ఓపికగా ‘వాసన’ చూస్తే చాలు.

ఈ సంగతి మొదట యాదృచ్ఛికంగానే బయటపడింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలో ఒక యంత్రాన్ని పరీక్షిస్తున్నారు. సైన్యం పంపే సందేశాలను ఇతరులెవరికీ అర్థం కాని సంకేతలిపిలోకి మార్చే యంత్రమది. దాని పేరు 131-బి2. ఆ లిపిని శత్రువు ఛేదించలేడని అందరికీ గట్టి నమ్మకం. అయితే ఆ యంత్రం కదిలిన ప్రతిసారీ గదిలో దూరంగా ఉన్న ఆసిలోస్కోపు తెర మీద ఒక గీత పైకి లేవడం పరిశోధకుడొకరు గమనించారు. ఆ గీతలను పరిశీలించి చూస్తే, సంకేతలిపిలోకి మారకముందున్న అసలు సందేశమే వాటిలో కనిపించింది! తాళం ఎంత గట్టిదైతే మాత్రమేమి, గోడకే కన్నం ఉన్నప్పుడు?

బెల్ సంస్థ ఈ సంగతిని సైన్యానికి తెలియజేసింది. సైనికాధికారులు మొదట నమ్మలేదు. ప్రయోగశాలలో ఏదైనా సాధ్యమే, బయట సాధ్యం కాదన్నారు. అప్పుడు ఇంజినీర్లు న్యూయార్కులోని వారిక్ వీధిలో సైన్యపు సంకేత కేంద్రానికి ఎదురుగా, 80 అడుగుల దూరంలో ఉన్న మరొక భవనంలో తమ పరికరాలతో కూర్చున్నారు. ఒక గంటపాటు తరంగాలను నమోదు చేశారు. మరి మూడు నాలుగు గంటలలో ఆ కేంద్రం పంపిన రహస్య సందేశాలలో 75 శాతాన్ని అసలు రూపంలో అధికారుల బల్లమీద ఉంచారు.

అప్పుడు సైన్యం కంగారుపడింది. తరంగాలు బయటికి పోకుండా యంత్రాన్నంతటినీ కప్పివేసే మార్గాన్ని బెల్ సంస్థ సూచించింది. కాని యుద్ధరంగంలో ఉన్న యంత్రాలన్నింటినీ వెనక్కి తెప్పించి మార్చడం అప్పట్లో కుదిరే పని కాదు. చివరికి, యంత్రమున్న చోటు చుట్టూ సుమారు 100 అడుగుల వ్యాసం గల ప్రాంతంలో అపరిచితులెవరూ లేకుండా చూసుకోవలసిందని సేనానులకు ఉత్తర్వులిచ్చి ఊరుకున్నారు.

ఆ తరువాత జరిగినదే మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది. యుద్ధం ముగిసింది. పరిశోధన ఆగింది. సంగతి ఎంత గుట్టుగా ఉంచబడిందంటే, చివరికి దానిని గుట్టుగా ఉంచినవారే మరచిపోయారు! 1951లో అమెరికా గూఢచార సంస్థ సి.ఐ.ఏ. అదే 131-బి2 యంత్రాన్ని పరిశీలిస్తూ, పావు మైలు దూరంలో టెలిఫోను తీగ మీద అసలు సందేశాన్ని చదవగలుగుతున్నామని ‘కొత్తగా’ కనిపెట్టింది. ఎనిమిదేళ్ళ నాటి జ్ఞానం మళ్ళీ పుట్టవలసి వచ్చింది. దాచిన ధనం దాచినవాడికే దక్కకపోవడమంటే ఇదే.

అక్కడి నుంచి అమెరికా ప్రభుత్వం ఈ విషయాన్ని గట్టిగానే పట్టించుకుంది. దీనికి ‘టెంపెస్ట్’ అని ఒక సంకేతనామం పెట్టింది. ఆంగ్లంలో ఆ మాటకు తుఫాను అని అర్థం. తన కార్యాలయాలలోని యంత్రాలకు లోహపు తొడుగులు వేయించింది. ముఖ్యమైన గదుల గోడలను రాగి రేకులతో, జల్లెడలతో కప్పించింది. రహస్యం ప్రవహించే తీగలు వేరు, సంకేతలిపి ప్రవహించే తీగలు వేరు అని విభజించి, మొదటి వాటికి ‘ఎరుపు’ అని, రెండవ వాటికి ‘నలుపు’ అని పేర్లు పెట్టి, వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో నిబంధనలు రాసింది. తన ఇంటి కన్నాలను పూడ్చుకుంది. కాని అదే కాలంలో బ్యాంకులకు, వైద్యశాలలకు, న్యాయవాదుల గదులకు, చివరికి ఇళ్ళకు కూడా కంప్యూటర్లు చేరుతున్నాయి. వాటికీ అవే కన్నాలున్నాయన్న మాట మాత్రం వాటిని కొనుక్కున్న ప్రజలకు ఎవరూ చెప్పలేదు.

1985లో విమ్ వాన్ ఎక్ అనే నెదర్లాండ్స్ ఇంజినీరు ఈ విషయంపై బహిరంగంగా ఒక వ్యాసం ప్రచురించారు. సాధారణ టెలివిజన్ సెట్టుకు తక్కువ ఖర్చుతో అయ్యే ఒక చిన్న పరికరాన్ని జోడించి, దూరాన ఉన్న కంప్యూటరు తెర మీది అక్షరాలను ఈ తెర మీద చూడవచ్చునని నిరూపించారు. ఏ ప్రభుత్వ రహస్యమూ ఆయన చేతిలో లేదు. సొంత పరిశోధనతోనే ఆయన అక్కడికి చేరారు. దానితో ఒక విషయం తేటతెల్లమైంది. దొంగకు తెలుసు, కొత్వాలుకు తెలుసు. తెలియనిది ఇంటివారికి ఒక్కరికే.

ఇక ఉత్తరం సంగతికి వద్దాము. న్యూయార్కులో జాన్ యంగ్ అనే పౌరుడుండేవారు. వృత్తిరీత్యా భవన శిల్పి. ఆయన శాస్త్రవేత్త కాదు, రాజకీయ నాయకుడూ కాదు. అమెరికాలో 1966 జులై 4న నాటి అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో ఒక చట్టం వచ్చింది. ప్రభుత్వం వద్ద ఉన్న పత్రాలను అడిగే హక్కును అది పౌరులకు ఇచ్చింది. ఆ చట్టం క్రింద యంగ్ 1998లో అమెరికా జాతీయ భద్రతా సంస్థకు దరఖాస్తు పెట్టారు. టెంపెస్ట్‌కు సంబంధించిన పత్రాలను ప్రజల కోసం విడుదల చేయండన్నదే ఆయన కోరిక. ఆ సంస్థ చాలా పత్రాలను ఇవ్వనన్నది. ఆయన కోపగించుకుని ఊరుకోలేదు, దొడ్డిదారీ వెదకలేదు. చట్టం చూపిన మెట్టు మీదనే నిలబడి అప్పీలు చేశారు.

1999 నుంచి ఒక్కొక్కటిగా కొన్ని పత్రాలు వెలువడ్డాయి. 2000 డిసెంబరులో ‘టెంపెస్ట్ ప్రాథమికాంశాలు’ అనే అర్థమిచ్చే శీర్షికతో 1982లో రాయబడిన ముఖ్యమైన గ్రంథం కూడా విడుదలైంది. అయితే ఎలా విడుదలైంది? ఎన్నో వాక్యాలు, పేరాలు తుడిచివేయబడి! అయినా మిగిలిన వాక్యాలు చాలు. యంత్రాలు ఎలా ‘మాట్లాడతాయో’, ఏయే దారులలో ఆ మాట బయటికి పోతుందో ప్రభుత్వమే తన నోటితో ఒప్పుకున్నట్లయింది. మేము పైన చెప్పిన బెల్ ప్రయోగశాల ఉదంతం కూడా అలాగే వెలుగు చూసింది. ఆ సంస్థ అంతర్గత పత్రికలో 1972లో రాయబడిన ఆ వ్యాసం 2007 సెప్టెంబరులో విడుదలైంది. దాని మీద విడుదల తేదీతో పాటు సమాచార దరఖాస్తు సంఖ్య కూడా ముద్రించి ఉంది. అంటే అదీ అడిగితేనే వచ్చింది. 1943లో తెలిసిన సంగతి ప్రజలకు చేరడానికి 64 సంవత్సరాలు పట్టింది. ఒక మనిషి పుట్టి, పెరిగి, ఉద్యోగం చేసి, విశ్రాంతి తీసుకునేటంత కాలం!

ఇక్కడ న్యాయంగా అవతలి పక్షపు మాట కూడా వినాలి. “బలహీనతను బయటపెడితే దొంగలకు దారి చూపినట్లు కాదా? దేశ రక్షణ రహస్యాలను బజారులో పెట్టవచ్చునా?” అని వారంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. ఏ యంత్రం ఏ కార్యాలయంలో ఎక్కడ ఉన్నదో, దాని కవచం ఎంత మందమో ప్రకటించమని మేమూ అనము. ఇస్లాం కూడా రహస్యాన్ని కాపాడమనే చెబుతుంది. ఒకరు చెప్పిన మాట అమానత్ అని, దానిని బయట పెట్టడం ద్రోహమని మేము మా విద్యార్థులకు నేర్పుతూనే ఉన్నాము. అయితే రహస్యాలలో రెండు రకాలున్నాయి. మన వస్తువును మనం దాచుకోవడం ఒకటి. ఎదుటివారి వస్తువులో ఉన్న లోపాన్ని వారికే తెలియకుండా దాచడం మరొకటి. మొదటిది జాగ్రత్త. రెండవది మోసం.

ఈ తేడాను దైవప్రవక్త (సఅసం) మదీనా బజారులో ఎంతో సూటిగా బోధించారు. ఒక వర్తకుడు ధాన్యం రాశి పోసి అమ్ముతున్నాడు. ఆయన (సఅసం) ఆ రాశిలోకి చేయి జొనిపారు. వేళ్ళకు తడి తగిలింది. ఏమిటిదని అడిగితే, వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. అలాగైతే ప్రజలకు కనిపించేలా ఆ తడిసిన గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన (సఅసం) నిలదీశారు. మోసగించేవాడు మావాడు కాడని హెచ్చరించారు. గమనించండి! ధాన్యం తడవడం వర్తకుడి తప్పు కాదు. వాన పడింది, తడిసింది. అడుగున దాచడం తప్పు. యంత్రం తరంగాలు వెదజల్లడం కూడా ఎవరి నేరమూ కాదు, అది విద్యుత్తు స్వభావం. తెలిసి కూడా తెలియనట్లు ఊరుకోవడమే ప్రశ్నించవలసిన విషయం.

రెండవ పక్షానికి మరొక ఉదంతం గుర్తు చేస్తాము. ఇతరుల రహస్యాలను కూపీ లాగడాన్ని దివ్య ఖుర్‌ఆన్ హుజురాత్ సూరాలో స్పష్టంగా నిషేధించింది. ఈ నిషేధం పాలకుడికి వర్తించదని ఎవరైనా అనుకుంటే హజ్రత్ ఉమర్ (రజి)ను తలచుకోవాలి. ఒక రాత్రి గస్తీలో ఉండగా ఒక ఇంటిలో నుంచి అనుమానాస్పదమైన శబ్దం విని, ఆయన గోడ దూకి లోపలికి వెళ్ళారని గ్రంథాలలో ఉంది. ఆ ఇంటి మనిషి పాపంలోనే ఉన్నాడు. అయినా అతడు తల వంచుకోలేదు. “నేను ఒక తప్పు చేశాను. మీరు మూడు చేశారు. కూపీ లాగారు, తలుపు విడిచి గోడ దూకారు, అనుమతి లేకుండా, సలాము చేయకుండా లోపలికి వచ్చారు” అన్నాడట. ఖలీఫా ఆ మాటను అంగీకరించి, అతడిని విడిచి వెళ్ళిపోయారు. ఒంటిమీద పడిన కొత్త వస్త్రానికి లెక్క చెప్పమని నలుగురిలో ఒక సామాన్యుడు అడిగినప్పుడు కూడా అదే ఉమర్ (రజి) కుమారుని చేత సమాధానం ఇప్పించారే గాని, ‘అది రాజ్య రహస్యం’ అనలేదు. ప్రశ్నించిన పౌరుడూ, బదులు చెప్పిన పాలకుడూ ఇద్దరూ ధర్మం మీదనే నిలబడ్డారు.

ప్రమాదాన్ని బయటపెట్టినందువల్ల మేలే జరిగిందనడానికి ఎన్నికలకు సంబంధించిన ఉదాహరణ ఒకటి ఉంది. 2006లో నెదర్లాండ్స్‌లో కొందరు పౌరులు తమ దేశపు ఓటింగు యంత్రాలను పరీక్షించారు. వాటి తెర నుంచి వెలువడే తరంగాలను కొన్ని అడుగుల అవతల రేడియోలో వినవచ్చునని చూపించారు. ఒక పార్టీ పేరులో ఒక అక్షరం మీద ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. ఆ పేరు తెర మీదికి వస్తే యంత్రపు స్వరం మారేది. అంటే ఆ పార్టీకి ఓటు వేసినవారిని చెవితోనే పట్టవచ్చు! రహస్య బ్యాలెట్టుకు అర్థమేముంది? అక్కడి ప్రభుత్వం ఆ పౌరుల మీద కత్తి దూయలేదు. ఎన్నికలకు కొద్ది వారాల ముందు ఒక తయారీదారు యంత్రాల వాడకాన్ని నిలిపివేసింది. 2008లో దేశమంతా మళ్ళీ కాగితం, పెన్సిలుతో ఓటు వేయాలని నిర్ణయించింది. తడిసిన గింజలు పైకి వచ్చాయి, కొనుగోలుదారు మోసపోలేదు.

మరి మన సంగతేమిటి? మన దేశంలో 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలులో ఉంది. తెల్లకాగితం మీద దరఖాస్తు, కేంద్ర ప్రభుత్వ కార్యాలయానికైతే 10 రూపాయల రుసుము. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి అదీ అక్కరలేదు. ఎందుకు అడుగుతున్నావని అధికారి ప్రశ్నించరాదు. 30 రోజులలో జవాబు రావాలి. మనిషి ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలలో రావాలి. రాకుంటే పై అధికారికి అప్పీలు, అక్కడా న్యాయం జరగకుంటే సమాచార కమిషన్. దేశ భద్రతకు సంబంధించిన విషయాలకు ఎనిమిదవ సెక్షన్‌లో మినహాయింపు ఉంది. గూఢచార సంస్థలకు 24వ సెక్షన్‌లో ఇంకా పెద్ద మినహాయింపు ఉంది. అయితే అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలున్నచోట ఆ సంస్థలు కూడా ఆ గొడుగు క్రింద పూర్తిగా దాక్కోలేవు. పదవ సెక్షన్ మరొక మేలు చేసింది. ఒక పత్రంలో దాచవలసిన భాగం ఉంటే దానిని వేరు చేసి, ఇవ్వదగిన భాగాన్ని ఇవ్వాలి. జాన్ యంగ్‌కు అందినటువంటి తుడిచివేతల కాగితమే కావచ్చు. కాని పూర్తి నిశ్శబ్దం కంటే అది ఎంతో మేలు.

మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 2021 అక్టోబరు 27న సుప్రీంకోర్టు పెగాసస్ నిఘా ఆరోపణలపై నిపుణుల కమిటీని నియమించింది. జాతీయ భద్రత అన్న మాట వినిపించిన ప్రతిసారీ న్యాయస్థానం ప్రేక్షకపాత్ర వహించదన్న భావాన్ని ఆ ఉత్తర్వులో వ్యక్తం చేసింది. కమిటీ పరిశీలించిన 29 ఫోన్లలో 5 ఫోన్లలో ఏదో హానికర సాఫ్ట్‌వేర్ ఉన్నట్లు, అయితే అది పెగాససే అని తేలనట్లు 2022 ఆగస్టులో కోర్టులో వెల్లడైంది. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్లు కూడా అదే రోజున వెల్లడైంది. నివేదిక పూర్తి పాఠం మాత్రం సీలు వేసిన కవరులోనే ఉండిపోయింది. ఎవరిది తప్పు అని మేమిక్కడ తీర్పు చెప్పడం లేదు. ఫోన్లను ఎలా కాపాడుకోవాలో సామాన్యునికి ఉపయోగపడే భాగాన్నైనా వేరు చేసి ఇవ్వవచ్చు కదా అన్నదే మా విన్నపం.

సోదర సోదరీమణులారా! ఈ వ్యాసం చదివి ఇంటిలోని ప్రతి యంత్రాన్నీ అనుమానించి భయపడవద్దు. మన గృహిణి రాసుకునే పద్దుల కోసం ఎవరూ వీధిలో పరికరాలు పెట్టుకుని కూర్చోరు. మేము చెప్పదలచినది భయాన్ని గురించి కాదు, అడగడాన్ని గురించి. మన సమాజంలో ప్రభుత్వ కార్యాలయానికి ఉత్తరం రాయడమంటే కయ్యానికి కాలు దువ్వడమని చాలామంది భావిస్తారు. రేషను కార్డు ఎందుకు రద్దయిందో, వక్ఫ్ భూమి రికార్డు ఏమయిందో అడగడానికి కూడా జంకుతారు. మర్యాదగా, స్పష్టంగా, చట్టం చూపిన దారిలో అడగడం తిరుగుబాటు కాదు. అది అమానత్‌ను గుర్తు చేయడం. అడిగేవారు లేని చోట, ఆ సంకేత యంత్రం విషయంలో జరిగినట్లే, దాచినవారు కూడా మరచిపోతారు.

అడిగే హక్కు కోరుకునేవారు తమ ఇంటిలో కూపీ లాగడం మానుకోవాలని కూడా గుర్తు చేస్తున్నాము. భార్య ఫోనును భర్త, కోడలి మాటలను అత్త, ఎదిగిన పిల్లల సందేశాలను తల్లిదండ్రులు చాటుగా చూడటం, వినడం మన ఇళ్ళలో మామూలైపోయింది. పిల్లల క్షేమం కోసం చూడవలసివస్తే వారికి చెప్పి చూడండి. ప్రభుత్వానికి ఒక ధర్మం, మన గడపకు మరొక ధర్మం ఉండవు.

మా విద్యార్థికి ఇప్పుడు జవాబు చెప్పాము. “అవును నాయనా, వినవచ్చు. ఆ సంగతి కొందరికి ముందే తెలుసు. ఒకాయన ఓపికగా ఉత్తరం రాసి అడిగినందువల్ల మనకూ తెలిసింది” అన్నాము. వాడు వెంటనే తన నోటుపుస్తకం తీసి, మా మదరసా వీధిలో మూడు నెలలుగా వెలగని దీపం గురించి మునిసిపల్ కార్యాలయానికి ఎలా రాయాలో చెప్పమన్నాడు. ఆ దరఖాస్తు వెళ్ళింది. ముప్ఫై రోజుల గడువు ఇంకా పూర్తి కాలేదు. వాడు రోజూ తేదీలు లెక్కపెడుతున్నాడు.

అల్లాహ్ మన నోళ్ళకు మర్యాదనూ, మన పాలకుల చేతులకు నిజాయితీనీ ప్రసాదించుగాక! ఆమీన్.